సముద్రాంతర చిత్రకారుల స్వామ్యము

పూర్వపు కృష్ణామండలమున మెరకసీమయని చెప్పబడు భాగమందు కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట అను మూడు ఊళ్లును ఒకే బాటపై వరుసగా నున్నవి. మచిలీబందరునుండి బెజవాడమీదుగా హైదరాబాదునకు బోవు రహదారి యిది. 2022 వ సంవత్సరమున జరిగిన జిల్లాల విభజనలో ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరినది. జగ్గయ్యపేటకు జేరువ ధనంబోడు అను దిబ్బయం దొక బౌద్ధస్తూపము గలదు. 1882 లో జేమ్సు బర్జెస్సు దానిని పరిశోధించెను. అచ్చట దొరకిన ఆయకస్తంభములపై ప్రాకృతభాషలో శాసనము చెక్కబడియున్నది. ఇక్ష్వాకువంశజుడగు మాఠరీపుత్ర శ్రీవీరపురుషదత్తుని 20 వ రాజ్యసంవత్సరమున, వర్షాకాలపు 8 వ పక్షమున 10 వ దినమందు, వెలగిరిపై నున్న మహాచైత్యము తూర్పువాకిట ఐదు స్తంభములు నిలుపబడెనని దాని తాత్పర్యము. నిలిపినవాడు రాజు గాడు, శ్రేష్ఠియు గాడు. కమ్మకరఠమందలి నడతూరు గ్రామపు ఆవేశని నాకచందుని కొమారుడు, మహాకాడూరూర నివాసి, తానును ఆవేశనియే యైన సిధథుడు, అనగా సిద్ధార్థుడు.

ఆవేశని యనగా శిల్పశాలకు పెద్ద. సాంచిస్తూపపు దక్షిణతోరణముమీద శాతకర్ణి రాజుయొక్క ఆవేశనులకు పెద్దయగు ఆనందుని పేరునందును ఈ మాటయే యున్నది. సిద్ధార్థుడు తన తల్లి నాగిలనిని ముందిడుకొని, భార్యను, కొమారుని, కొమార్తెను, సోదరుని పేరుపేరున జెప్పి దానము చేసెను. శాసనమును చదువువారు సాధారణముగా రాజు పేరును, సంవత్సరమును గ్రహించి మిగిలినదానిని విడిచివేయుదురు. కమ్మరాష్ట్ర నామచరిత్రమునకై మరికొందరు దీనిని వెదకుదురు. కాని శిల్పి తన పనితనమును తన సొమ్ముగా భావించి, దానిపై తన యింటిల్లిపాది పేర్లను నిలుపుకొన్న నిదర్శనములు ఆంధ్రదేశమున మిక్కిలి యరుదు. తరువాతి శతాబ్దముల చరిత్రలో ఈ సీమ చిత్రములు సముద్రములు దాటినవి. సముద్రములకావలి చిత్రములు ఈ సీమకు వచ్చినవి. ఆ రాకపోకలయందు చిత్రము గీచినవాని పక్షమున మాటాడినవా రెవ్వరు, వాని యనుమతి నెవ్వ రెవ్వరిని అడిగిరి అనునది విచారింపదగిన విషయము.

మొదట సముద్రము దాటినది రాతిబొమ్మ గాదు, గుడ్డపై బొమ్మ. మచిలీబందరున 1605 లో డచ్చివారును, 1611 లో ఇంగ్లీషువారును వర్తకశాలలు నెలకొల్పిరి. కృష్ణ సముద్రమున గలియు లంకభూములలో బెరిగిన చిరివేరు ఇచ్చు ఎఱుపునకు సాటి లేదని విదేశీయులు వ్రాసికొనిరి. గుడ్డను కరక్కాయ కషాయమునను పాలలోను ఊర్చి, ఇనుము పులియబెట్టిన నీటితో నల్లగీతలును, పటికనీటితో ఎఱుపు పట్టవలసిన చోట్లును కలముతో వ్రాసి, చిరివేరుతో కాచుట ఈ పనివాండ్ర రహస్యము. 17 వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి ఐరోపా వర్తకసంఘములు తమవారికి రుచించు నమూనాలను ఓడలపై బంపసాగినవి. తెలుగు పనివాడు ఆ కాగితముపై సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి యద్ది, గీతను గుడ్డమీదికి దింపుకొనెడివాడు. ఐతే అతడు దింపిన తీవ నమూనాలోని తీవ గాదు. దానికి దానిమ్మయు, తామరయు, తా నెఱిగిన పక్షియు జేరినవి. ఇంగ్లండునకు మరలిపోయిన గుడ్డపై నున్న చిత్రము ఎవరిదని యడిగిన, ఇద్దఱిదనియే చెప్పవలెను. అట్లడిగినవారు లేరు.

పనితనము తస్కరింపబడిన విధము మరియు విచిత్రమైనది. సంస్కృత, గ్రీకు, లాటిను భాషల సంబంధమును గూర్చి 1767 లో ఫ్రాన్సునకు వ్రాసిన పండితుడుగా కూర్డూ పాదిరి పేరు భాషావేత్తలకు దెలిసినదే. ఆయనయే 1742 లో అద్దకపు పద్ధతినంతయు విపులముగా వ్రాసి స్వదేశమునకు బంపెను. ఆ వివరములను ఆయన క్రొత్తగా క్రైస్తవులైన అద్దకపువాండ్రనుండి యడిగి తెలిసికొనెను. ఒక చేతితో భాషాశాస్త్రమునకు మేలు చేసినవాడే మఱియొక చేతితో మన పనివాని మూటను విప్పి యిచ్చినాడనుట కటువుగా దోచవచ్చును. ఆ కాలమున రహస్యమును గాపాడు చట్టమును, దానిని కోరు పనివాని సంఘమును లేకుండుటచే పాదిరిని మాత్రమే నిందించుట న్యాయము గాదు.

ఫ్రాన్సు 1686 నుండి 1759 వఱకు అద్దకపుగుడ్డలను నిషేధించెను. ఇంగ్లండు 1700, 1721 సంవత్సరముల చట్టములచే వానిని క్రమముగా వెలివేసెను. నిషేధపు నీడలో ఇంగ్లండునందలి అచ్చువాండ్రు మన నమూనాలను అనుకరించుచు బలిసిరి. వారిలో వారే ఒకరి నమూనా నొకరు దొంగిలింపసాగినంత, 1787 లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. నార, నూలు బట్టలపై క్రొత్త నమూనాను కల్పించి అచ్చువేసినవానికి రెండు నెలల పాటు ఆ నమూనాపై ఏకైకాధికారము లభించినది. 1794 లో దానిని మూడు నెలలు చేసిరి. బ్రిటిషు దేశమున బట్టల నమూనాలకు స్వామ్యమిచ్చిన మొదటి చట్ట మిదియే. చోళమండల తీరపు కలము నుండి పుట్టిన పూలతీవలకు లండను అచ్చువాడు స్వామియైనాడు. తీవను మొదట వ్రాసినవాని పేరు ఆ చట్టమున వెదకినను గానరాదు. న్యాయశాస్త్రగ్రంథములు ఈ చట్టమును పొగడునపుడు ఈ సంగతిని జెప్పుట అరుదు.

ఇక రాతిబొమ్మల కథ. చింతపల్లి విడిచి అమరావతిని నిర్మించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయడు, బేతవోలు అను పల్లెకు తండ్రి పేర జగ్గయ్యపేటయని పేరిడినాడు. అమరావతి కట్టడములకై దిబ్బను త్రవ్వునపుడు స్తూపము బయల్పడగా, 1798 లో కాలిన్ మెకంజీ దానిని మొదట జూచెను. 1816 లో మఱల వచ్చి, తన చిత్తరువు వ్రాయు సహాయకులచే ఆ శిల్పముల నన్నిటిని గీయించెను. హెన్రీ హామిల్టన్, జాన్ న్యూమన్, తామస్ ఆండర్సన్, మురుగేశ మొదలియారు మొదలగువారు వారిలో నుండిరి. కొలబద్ద వేసి, విఱిగిన చోట విఱిగినట్లే, ఊహ కలుపక గీచిన పత్రము లవి. తరువాత శిలలు పెక్కు సున్నపుబట్టీలలో గాలిపోయినందున, కొన్ని శిల్పములకు ఆ కాగితములే మిగిలిన సాక్ష్యము.

మెకంజీ 1821 లో గతించెను. ఆయన సంగ్రహమును కుంపిణీవారు ఆయన భార్యకు లక్ష రూపాయ లిచ్చి కొనిరి. గీచినవారికి జీతము ముట్టియుండును. అంతకుమించి ముట్టుటకు హక్కు లేదు. 1868 లో జేమ్సు ఫెర్గూసను వృక్షపూజ సర్పపూజలను గూర్చి వ్రాసిన మహాగ్రంథమునకు ఈ చిత్రములును, శిలల ఛాయాచిత్రములును ఆధారములైనవి. 1887 లో బర్జెస్సు అమరావతీ జగ్గయ్యపేట స్తూపములపై ప్రకటించిన సంపుటము మెరకసీమ శిల్పమును లోకమునకు జూపినది. నాణెముల వాన కురియుచుండగా చేయెత్తి నిలుచున్న చక్రవర్తి శిల ఆ పుస్తకమునుండియే ప్రపంచమందలి కళాచరిత్రముల కెక్కినది. ఆ శిల మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు జేరినది. చేతిపనిచేసినవాడు జీతగాడైనచో చిత్రము యజమానునిదను సూత్రము మెకంజీనాటి ఆచారము. 1911 నాటి ఇంగ్లీషు చట్టపు 5 వ విభాగమున నది విధియైనది. 1957 నాటి భారతచట్టపు 17 వ విభాగమునందును, ఒప్పందము వేరుగా లేనిచో, నదియే నిలిచియున్నది. మురుగేశ మొదలియారు ఈనాడు పుట్టినను ఆ జీతపు చిత్రముపై స్వామ్యము పొందడు. తన పేరు చెప్పుమని యడుగు అధికారము మాత్ర మాతనికి గలదు.

చిత్రములకు చట్టము లేకుండెనని కాదు. హోగార్తు అను చిత్రకారుని పోరాటఫలముగా 1735 లో ఇంగ్లండున చెక్కడపుబొమ్మలకు 14 ఏండ్ల స్వామ్య మేర్పడినది. 1862 లో వర్ణచిత్రములకును, ఛాయాచిత్రములకును చిత్రకారుని జీవితకాలమును, మఱి 7 ఏండ్లును స్వామ్య మిచ్చిరి. కాని ఆ 1862 చట్టము సముద్రము దాటదని ప్రీవీకౌన్సిలువారు 1903 లో, కెనడానుండి వచ్చిన గ్రేవ్సు గోరీ వ్యాజ్యమున, తీర్పు చెప్పిరి. లండనులో దొంగతనమైనది టొరాంటోలో దొంగతనము కాదన్నమాట. చట్టపుమాటలు ఇంగ్లండు రాజ్యమునకే పరిమితములు గనుక మద్రాసునకును ఆ న్యాయమే చెల్లవలెను. భారతదేశమున 1847 లో చేసిన చట్టము గ్రంథములకు సంబంధించినది. బొమ్మ మాట అందు లేదు.

ఇట్టి చట్టశూన్యకాలముననే బొమ్మల వెల్లువ వచ్చినది. జర్మనీదేశపు శిలాముద్రణాలయములలో బహువర్ణములతో నచ్చొత్తిన దేవతాచిత్రములు ఓడలలో దిగెను. మాంచెస్టరు బట్టల తానులపై లక్ష్మియు, గణపతియు అంటుకొని వచ్చిరి. ఆ బొమ్మలను గీచినవారిలో పెక్కుమంది పేర్లు ఎవరికిని దెలియవు. వర్తకుని గుర్తు మాత్రము చక్కగా నమోదైనది. ఇంతలో రవివర్మ 1894 లో బొంబాయిలో తన ముద్రణాలయమును పెట్టి, జర్మనీనుండి యంత్రములను, పనివాండ్రను రప్పించి, శకుంతలా జననమును మొదటి చిత్రముగా వెలువరించెను. ఆలయప్రవేశము లేనివారి యింటగూడ అద్దపు పటములో దేవుడు వెలసినాడు. తెలుగునాట పెక్కు పూజామందిరములలో లక్ష్మీసరస్వతుల రూపము లీనాటికిని ఆ ముద్రణాలయపు రేఖలనే పోలియుండుట ఎవరైనను జూడవచ్చును.

వర్తకమున మాత్రము ఆ వ్యాపారము తేలలేదు. 20 వ శతాబ్ది తొలి యేండ్లలో రవివర్మ సోదరులు ముద్రణాలయమును తమ జర్మను పనివాడగు ఫ్రిట్జు ష్లైకరునకు, చిత్రములను ముద్రించు స్వామ్యముతో సహా విక్రయించిరి. ఈ విక్రయమును గూర్చి చెప్పువారు దానిని నష్టకథగా జెప్పుదురు. అందు మఱియొక విశేషము గలదు. కలకత్తా, బొంబాయి, మద్రాసులయందు బొమ్మకు చట్టరక్షణ సందేహాస్పదమైన ఆ కాలమున, చట్టము స్పష్టముగా గుర్తింపని యొక సొమ్మును ఇద్దఱు పత్రముపై కొని యమ్మిరి. చిత్రమునకు దాని కాగితముకంటె వేఱైన యొక విలువ గలదని, అది ఒకరినుండి మఱొకరికి మాఱవచ్చునని మన దేశమున వర్తకులు న్యాయవాదులకంటె ముందే యెఱిగిరి. దేశాంతర చిత్రకారునికి ప్రతినిధి యుండుట అను పద్ధతి ఇచ్చట తలక్రిందులుగా జరిగినది. తిరువాన్కూరు చిత్రకారుని చిత్రములకు అధికారి జర్మనుడు.

1911 నాటి సామ్రాజ్యచట్టము 1912 లో భారతదేశమున అమలునకు వచ్చి, 1914 నాటి మూడవ చట్టముచే ఇచ్చటి పరిస్థితుల కనుగుణముగా సవరింపబడినది. చిత్రకారుని జీవితకాలమును, తరువాత 50 ఏండ్లును స్వామ్య మని నిర్ణయమైనది. లండను చిత్రకారుని బొమ్మను బెజవాడలో అచ్చువేయుట నాటినుండి నేరము. అయినను జగ్గయ్యపేట దాటి నైజాము సరిహద్దులో నడుగిడినచో బ్రిటిషు ఇండియా చట్టము స్వతః వర్తింపదు. ఒకే బాటపై కొలది క్రోసుల దూరమున చిత్రకారుని హక్కు మాఱిపోవుట ఈ మెరకసీమ ప్రత్యేకత. 1958 జనవరిలో అమలునకు వచ్చిన 1957 నాటి 14 వ చట్టముతో దేశమంతట ఒకే విధి యేర్పడినది.

దేశముల నడుమ నుండవలసిన విధి 1886 లో బెర్నునగరమున గుదిరిన ఒడంబడికచే నిర్ణీతమైనది. ఒడంబడికలోని దేశములలో నే దేశపు చిత్రకారుడైనను తక్కిన దేశములలో ఆ దేశస్థునితో సమానముగా జూడబడవలెనని దాని సారము. సిద్ధాంతము సులభముగానే యున్నది. కాని పారిసులోని చిత్రకారుడు తన బొమ్మ విశాఖపట్టణములో నొక పంచాంగముపై నచ్చయినదని యెట్లెఱుగును? ఎఱిగినను ఎవరితో వ్యాజ్యమాడును? ఈ చిక్కునుండియే ప్రతినిధిసంఘములు పుట్టినవి. ఫ్రాన్సులో 1953 లో ఆడాగ్, జర్మనీలో 1968 లో బిల్డ్‌కున్స్టు, అమెరికాలో 1976 లో వాగా, 1987 లో కళాకారుల స్వామ్యసంఘము, ఇంగ్లండులో 1984 లో డాక్సు అను సంఘము లేర్పడినవి.

వాని పని యిట్లుండును. చిత్రకారుడో, వాని వారసులో తమ స్వామ్యమును సంఘమున కప్పగింతురు. ఒక దేశపు సంఘము మఱొక దేశపు సంఘముతో ఒప్పందము చేసికొని, తమ సభ్యుల పక్షమున అచ్చట అనుమతు లిచ్చు నధికారమును బరస్పరము ఒసగును. కాబట్టి ప్రకాశకుడు పొరుగుదేశపు చిత్రకారుని వెదకనక్కఱలేదు. తన యూరి సంఘమునే యడుగును. బొమ్మ పుటలో నెంత భాగ మాక్రమించును, ముఖపత్రముపైనా లోపలనా, ఎన్ని ప్రతులు, ఏ భాషలో, ఏ దేశములలో, ఎంతకాలము అను ప్రశ్నలకు బదులిచ్చినచో వెల నిర్ణయమగును. సంఘము తన ఖర్చును మినహాయించుకొని మిగిలినది చిత్రకారునికి బంపును. బొమ్మను కత్తిరింపరాదు, రంగు మార్పరాదు, దానిపై అక్షరము లచ్చువేయరాదు, పేరు తప్పక వేయవలెను అను నియమములు సాధారణముగా నుండును. వెలకంటె ఈ నియమములే పెక్కు చిత్రకారులకు ముఖ్యములు. పత్రికలలోని వరుసబొమ్మలకు వేఱు మార్గము గలదు. అమెరికాలో కింగ్ ఫీచర్సు సిండికేటు చిత్రకారుల పనిని కొని లోకమంతట పత్రికలకు అద్దె కిచ్చినట్లుగా నిచ్చును. 1964 లో బొంబాయినుండి ఇంద్రజాల్ కామిక్సు అను ప్రచురణము వేతాళుని కథలతో వెలువడి, 1990 వఱకు భారతభాషలు పెక్కింట నడచినది అట్టి యనుమతితోడనే.

మన దేశమున 1994 సవరణముచే 33 వ విభాగము క్రింద స్వామ్యసంఘములకు నమోదు ఏర్పాటైనది. గ్రంథపత్రముల నకళ్ల విషయమున అట్టి సంఘము 2000 లో వెలసినది. ఆ 1994 సవరణమే 53 ఏ విభాగమును జేర్చి, పదివేల రూపాయలకు మించిన వెలకు మరల విక్రయింపబడు మూలచిత్రమున చిత్రకారునికి నూటికి పదికి మించని పాలు నిచ్చినది. ఫ్రాన్సువారు 1920 లోనే ఇచ్చిన హక్కిది. స్వామ్యకాలము 1992 లో మరణానంతరము 60 ఏండ్లైనది. 1973 లో మరణించిన పికాసో చిత్రములకు ఆ లెక్కను భారతదేశమున 2033 చివరవఱకు స్వామ్యము గలదు. 1947 లో హిమాలయప్రాంతమున మరణించిన రష్యా చిత్రకారుడు నికొలాసు రోరిక్కు చిత్రముల స్వామ్యము 2007 తో ముగిసినది. విదేశీయుని స్వదేశమున గడువు తక్కువయైనచో ఇచ్చటను ఆ తక్కువయే చెల్లును. బడిలో బోధనక్రమమున గురువుగాని విద్యార్థిగాని బొమ్మను నకలు తీయుట చట్టము తప్పుగా నెంచదు. అదే బొమ్మను వెలకు విక్రయించు పుస్తకమున వేసినచో నీ మినహాయింపు చాలదు. పాఠశాలాపండితులు గైడుపుస్తకములకు బొమ్మలు జేర్చునపుడు ఈ భేదమును మఱచుట కలదు.

గీచినవాని గౌరవమును గూర్చి 57 వ విభాగము వేఱుగా జెప్పుచున్నది. విజ్ఞానభవనపు కంచుచిత్రమును ప్రభుత్వమువారు ఊడదీసి పాడుచేయగా, 2005 లో ఢిల్లీ హైకోర్టు శిల్పి అమరనాథ సెహగలునకు ఐదు లక్షల రూపాయలు ఇప్పించి, మిగిలిన భాగములను ఆయనకే యిచ్చివేయుమనెను. సొమ్ము ప్రభుత్వమునదైనను చిత్రముయొక్క మానము శిల్పిదేయని దాని యర్థము. విదేశ చిత్రకారుడును ఈ విభాగము నాశ్రయింపవచ్చును.

చివరగా మిగులు చిక్కు పురాతనచిత్రములది. అమరావతి శిలలు లండనులోను, జగ్గయ్యపేట శిలలు మద్రాసులోను ఉన్నవి. వాని శిల్పులకు స్వామ్యకాలమను మాటయే వర్తింపదు. ఐనను పుస్తకమున బొమ్మ వేయదలచిన తెలుగు పండితుడు మ్యూజియముల నడిగి, పెక్కుసారులు వెల యిచ్చి తెచ్చుకొనవలసివచ్చినది. మ్యూజియముల పక్షమున నిట్టి వెలలు వసూలుచేయు వర్తకము లండనులో 1972 లో స్థాపితమైన బ్రిడ్జ్‌మన్ సంస్థతో విస్తరించినది. అదే సంస్థ కోరెలు అను కంపెనీపై వేసిన వ్యాజ్యమున, పాతచిత్రపటమును ఉన్నదున్నట్లు తీసిన ఛాయాచిత్రమునకు క్రొత్త స్వామ్యము పుట్టదని 1999 లో న్యూయార్కు న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇంగ్లండు అప్పీలుకోర్టు 2023 నవంబరు తీర్పును ఆ వైపే మొగ్గినది. ఐరోపాసమాఖ్య 2019 లో దానిని విధిగా జేసినది. ఈ న్యాయము మెకంజీ చిత్రపత్రములకు అక్షరాల సరిపోవును. చదునైన కాగితమును చదునుగా దీసిన నకలునకు స్వామి లేడు. శిల్పమునకు మాత్రము సరిపోదు. వెలుగు నెటు వేయవలెను, ఏ కోణమున నిలువవలెను అని నిర్ణయించు ఛాయాచిత్రకారునికి దానియందు స్వంతపని గలదు. కాబట్టి చేయెత్తిన చక్రవర్తి శిలయొక్క క్రొత్త ఛాయాచిత్రమునకు దానిని తీసినవాని అనుమతి కావలసియుండును. 1887 నాటి బర్జెస్సు సంపుటములోని ఫలకమును మాత్రము, కంచికచర్లలోని చిన్న ముద్రణాలయమైనను ఎవరి నడుగకయే అచ్చువేసికొనవచ్చును.